కరెంట్ యాభై దాటొద్దు

ఎనభైల్లో వరంగల్ మట్టెవాడలో మా సందు మొత్తానికి ఫోన్ ఉన్న ఇల్లు మాదే. ఆ రిసీవర్ నా చేతిలోంచి దిగేది కాదు. ఇంటర్ చదివే రోజులు, ముక్కు మీద కోపం. అవతలివాళ్లు "హలో" అనడం కొంచెం ఆలస్యమైనా ఠపీమని పెట్టేసేదాన్ని. "అది ఫోనా, రోకలా?" అనేవాడు బాపు, మా నాన్న.

నర్సంపేటలో రైస్ మిల్లు నడిపే మా చిన్నాయన ఒకసారి రిమోట్‌తో నడిచే ఎర్ర కారు తెచ్చాడు. ఆయన దోస్తు దుబాయి నుంచి పట్టుకొచ్చాడట. లోపల నాలుగు సెల్లు, మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టుకునే రకం. చార్జర్ మాత్రం దారిలో ఎక్కడో పోయింది. అలాంటి సెల్లు అప్పుడు వరంగల్‌లో ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. కాల్చుకుంటే ఇక అంతే.

"ఐతారం దాంక టైమిస్తున్న బిడ్డా," అన్నాడు చిన్నాయన. "కారు గేటు కాడ్నుంచి గాజుల దుకాణం దాంక పోయి మళ్ల రావాలె. వస్తె కారు నీది. రాకుంటె మా పోరనికిస్త."

వాళ్ల పోరడికి బొమ్మలు విప్పడమే తప్ప బిగించడం రాదు. నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉన్న అన్నకు ఫోన్ కొట్టాను.

"సెల్లు మీద ఐదొందలని రాసుంటది సూడు. అందుల పదో వంతు, యాభై. కరెంట్ యాభై మిల్లీఆంపియర్లు దాటొద్దు. గట్ల పద్నాలుగు గంటలు పెట్టాలె."

"దాటితే?"

"వేడెక్కి పేలుతయ్."

"ఏందీ, కరెంట్ ఎక్కువైతే పేలుతయా?"

నా అరుపు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న నాయనమ్మ దాకా పోయింది.

లెక్క నేనే వేశాను. బ్యాటరీలకు బదులు రేడియోకి వాడే ఎలిమినేటర్ పన్నెండు వోల్టులిస్తుంది. సెల్లకు ఆరు పోతే మిగిలేది ఆరు. దాన్ని యాభై మిల్లీఆంపియర్లతో భాగిస్తే నూట ఇరవై ఓములు. అంత రెసిస్టర్ మధ్యలో కట్టి, శనివారం తెల్లారుతూనే ప్లగ్గు పెట్టి, "ఎవ్వరూ ముట్టొద్దు" అని ఇల్లంతా అదిరేలా చెప్పి కాలేజీకి పోయాను. రాత్రి తీసి చూస్తే సెల్లు చల్లగా, బుద్ధిగా ఉన్నాయి. నా లెక్క నాకే ముద్దొచ్చింది.

ఆదివారం సందంతా మా గేటు దగ్గరే. కారు రయ్యిమని పోయింది, గాజుల దుకాణం దగ్గర తిరిగింది, వచ్చే దారిలో ఇస్త్రీ బండి దగ్గర ఆగిపోయింది.

"అయిపాయె," చిన్నాయన చెయ్యి చాపాడు. "తే బిడ్డా రిమోట్."

"పద్నాలుగు గంటలు పెట్టిన! లెక్క తప్పే ముచ్చటే లేదు!"

"యాడ తప్పుతది? నేను లేనా కావలి?" అంది నాయనమ్మ గర్వంగా. "పొద్దంత లైటు బుగ్గేసుకొని దాని దిక్కే సూసిన. దగదగ మెరిసినప్పుడల్ల కరెంట్ ఎక్కువైందని ప్లగ్గు గుంజిన. గుడ్డిగైనంక మళ్ల పెట్టిన. మరి పేలితె?"

మా వాడలో కరెంట్ అంటే వచ్చేది, పోయేది, సాయంత్రం గుడ్డిగా వెలిగేది. మిల్లీఆంపియర్లలో కొలిచే కరెంట్ అన్నకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అంటే నా సెల్లకు దక్కింది లో-వోల్టేజీ పూట మాత్రమే. రిమోట్‌ను రోకలిలా పిడికిట్లో బిగించాను.

ఈలోపు నాయనమ్మ కొడుకు మీదికి తిరిగింది. "రిమోట్ ఎందుకురా? కరెంట్ పోయింది, గంతే. నీ మిల్లుల పోదా? పోతె మిల్లు పక్కోనికిచ్చి వస్తున్నవా?"

ఈ న్యాయం సందులో అందరికీ చటుక్కున అర్థమైంది. "నిజమే, వస్తది ఉండుండ్రి," అన్నాడు ఇస్త్రీ ఆయన. అందరూ అరుగుల మీద కూలబడ్డారు. ఒకరు పేపరు మడిచి విసురుకోవడం మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ చిన్నాయన కూడా భుజం మీది తువ్వాల తీసి ఊపుకున్నాడు.

ఆ రకం సెల్లు కాసేపు వదిలేస్తే కొంచెం తేరుకుంటాయని నాకు అప్పటికి తెలియదు. కోపం ఆపుకోలేక మీట నొక్కాను. కారు కదిలింది.

"కరెంటొచ్చె!" సందు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

కారు మూలుగుతూ, ఆగుతూ, గేటు దాకా వచ్చి నాయనమ్మ కాలికి తగిలి పడుకుంది.

చిన్నాయన తువ్వాల దులిపి లేచాడు. "కారు నీదే బిడ్డా. అమ్మను మాత్రం నేను కావలికి తోల్కపోత. మా మిల్లుల మోటరు ఊకూకె కాలుతాంది."