సొరపువ్వు విచ్చుకునే వేళ

ఆ సంవత్సరం నేను పామర్రు దగ్గర ఒక ఊళ్ళో, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఇల్లు విజయవాడ భవానీపురంలో. పొద్దున్నే సిటీ బస్సులో బస్టాండుకి వచ్చి, అక్కడ బందరు బస్సు పట్టుకుని, దిగాక ఆటో ఎక్కితే బడి. సాయంత్రం మళ్ళీ అదే దారి. మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. బడికి రాగానే హాజరు ఫోటో, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్ల ఫోటో, అన్నీ ఫోన్లో ఎక్కించాలి. వాటి తర్వాత మిగిలిన ఓపికతోనే పాఠం చెప్పేదాన్ని.

బడితోట పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గోడవారన ఎనిమిదో తరగతి పిల్లలు పాదులు తవ్వి సొరగింజలు పెట్టారు. నల్లమట్టి, నీళ్ళకి కొదవ లేదు. తీగ పందిరంతా అల్లుకుని విరగబూసింది. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. వేలెడంత పిందెలు పసుపుబారి రాలిపోయేవి.

"పురుగుమందు కొడదామా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఊళ్ళో గాజుల కొట్టు నడిపే ముస్లిం కుటుంబం వాళ్ళది. ముందు వరసలో కూర్చుని, అర్థమయ్యేదాకా వదిలేది కాదు. ఆ పట్టుదల చూస్తే నాకు ఒక్కోసారి నీరసం ముంచుకొచ్చేది.

"పురుగు కాదమ్మా. ఆడపువ్వుకి పుప్పొడి అందట్లేదు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. చీకటిపడ్డాక వచ్చే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. ఇక్కడికి అవి రావట్లేదేమో. మనమే చేత్తో అంటించొచ్చు," అన్నాను.

అనేశాక గానీ తట్టలేదు, సాయంత్రం దాకా నేనూ ఉండాలని.

"ఇవాళ చేద్దామా మేడమ్?"

ఇవాళ కాదన్నాను. మర్నాడూ అదే మాట అన్నాను. ఆ పిల్ల రోజూ రాలిన పిందెలు ఏరి తెచ్చి నా బల్ల మీద పెట్టేది. చివరికి హెడ్మాస్టరు గారిని అడిగాను.

"ఆడపిల్లల్ని సాయంత్రం ఉంచడం ఎందుకండీ, తలనొప్పి. ఇళ్ళల్లో ఒప్పుకుంటే మీ ఇష్టం," అన్నారాయన.

ఇళ్ళల్లో ఒప్పుకున్నారు. బడి వదిలాక కొందరు పిల్లలు ఉండిపోయారు. గాజుల కొట్టామె కూతురి కోసం వచ్చి, గేటు దగ్గర కాసేపు నిలబడి, మెల్లగా పందిరి దగ్గరికి నడిచింది.

"మీరు ఇంటికెళ్ళేసరికి ఎంతవుద్దండీ?" అని అడిగింది.

"రాత్రవుతుందండీ."

"మరి వంట?"

"వెళ్ళి చేసుకోవాలి."

ఆమె వరండాలోకి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి. మీరు నోటితో చెప్పండి, వాళ్ళు చేస్తారు."

ఆ బడికి వచ్చాక నన్ను కూర్చోమన్న మనిషి ఆమే. కూర్చున్నాను. కాళ్ళలో నొప్పి అప్పుడు తెలిసింది.

ఎండ దిగాక మొగ్గలు సడలి ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకున్నాయి. పిల్లలు మగపువ్వులు కోసి, రెక్కలు తుంచి, కింద పిందె ఉన్న ఆడపువ్వు వెతికి దాని నడుమ తాకించారు. "రుద్దకండి, తగిలితే చాలు," అంటూ నేను కుర్చీలోంచే చెప్పాను. రోజూ ఎక్కే బస్సు వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన దాంట్లో విజయవాడ దాకా నిలబడే వెళ్ళాను.

కొన్ని పిందెలు నిలిచాయి. నూగుతో మెరుస్తూ, బరువుకి కిందికి వంగాయి. ప్రార్థన గంట కొట్టేలోపు అందరూ వెళ్ళి చూసొచ్చేవాళ్ళు.

ఇంతలో వానలు పట్టుకుని బళ్ళకి సెలవులిచ్చారు. తెరిచేసరికి పాదుల్లో నీళ్ళు నిలిచి, ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళుండగా ఎందుకు వాడిపోయింది మేడమ్?" అంది ఆ పిల్ల.

"వేళ్ళకీ గాలి కావాలమ్మా. మట్టినిండా నీళ్ళుంటే వాటికి ఊపిరాడదు. కుళ్ళిపోతాయి. ఇక నీళ్ళు పైకి పంపలేవు."

"ఇప్పుడేం చెయ్యలేమా?"

"లేదమ్మా."

కాస్త పెరిగిన కాయ ఒకటి దొరికితే వంటమనిషి ఆ రోజు పప్పులో వేసింది. బడి అందరికీ అదెక్కడ సరిపోతుంది. ముక్క తగిలినవాడు లేచి చూపించాడు, మిగతావాళ్ళు నవ్వారు.

తర్వాత పరీక్షలో పరాగసంపర్కానికి తోడ్పడేవి రాయమంటే, ఆ పిల్ల గాలి, నీరు, కీటకాలు, మేము అని రాసింది. దిద్దుతూ చివరి మాట ఇంకోసారి చదివాను. మార్కు వేసేశాను.

వానలు తగ్గాక వాళ్ళు మళ్ళీ గింజలు తెచ్చుకున్నారు. ఈసారి మట్టి ఎత్తుగా పోసి, పక్కన కాలవ తీయమన్నాను.

"మళ్ళీ సాయంత్రాలు ఉంటారా మేడమ్?"

"రోజూ నావల్ల కాదు. శుక్రవారం ఉంటాను. మిగతా రోజులు మీరే చేసుకోండి, నేర్చుకున్నారుగా."

సరేనని పార తెచ్చుకోడానికి వెళ్ళారు.