తోడు లేనిదే ముద్ద ముట్టని పొమేరియన్

మా మేనత్త గుడివాడలో ఒక్కతే ఉండేది. బళ్లో లెక్కలు చెప్పేది. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయిన వేసవిలో, ఆవిడ పెంచుకుంటున్న తెల్ల పొమేరియన్ బందరులో మా ఇంటికి వచ్చింది. నాన్న వెళ్లి కారులో తీసుకొచ్చారు. పెడన దాటేదాకా కిటికీలోంచి కనిపించిన ప్రతి గేదెనీ చూసి మొరుగుతూనే ఉందట. "చూస్తే పిడికెడు లేదు. గొంతు మాత్రం లారీ హారనే," అన్నారు దాన్ని దించుతూ.

మా అమ్మది దివిసీమ. వాళ్ల పుట్టింట్లో కుక్కలు వరికుప్పల దగ్గర కాపలా ఉండేవి కానీ గడప తొక్కేవి కావు. "వరండాలో ఉంచండి. వంటింట్లోకి వచ్చిందంటే ఊరుకోను," అంది.

ఆ సాయంత్రం గిన్నెలో పెరుగన్నం పెట్టి అమ్మ లోపలికి వచ్చేసింది. కుక్క వాసన చూసి, అన్నం వదిలేసి, అమ్మ వెనకాలే వచ్చి గుమ్మంలో కూర్చుంది. మర్నాడూ అంతే. అమ్మ కంగారుపడి అత్తయ్యకి ఫోన్ చేసింది.

"ఒంటరిగా వదిలేస్తే తినదు వదినా. నేనూ కంచం పెట్టుకుని పక్కన కూర్చుంటాను. మనిషిని అంటిపెట్టుకుని బతికే జాతి అది."

"అయితే నేనిప్పుడు దాంతో కలిసి భోంచెయ్యాలా?"

"నాలుగు మెతుకులు పెట్టుకుని కూర్చో, చాలు. దాని అన్నంలో ఉల్లిపాయ తగలనివ్వకు. ఉక్కగా ఉందని బొచ్చు కత్తిరించేవు, ఎండ సూటిగా ఒంటికి తగులుతుంది. రోజూ దువ్వితే సరిపోద్ది."

అప్పటిదాకా అమ్మ ఏ వేళకి తింటుందో నాకు సరిగా తెలియదు. నాన్నకీ నాకూ వడ్డించి, గిన్నెలు సర్దుకున్నాక, వంటింట్లో పీట మీద కూర్చుని మిగిలింది తినేది. కుక్కకేమో మేం తినే వేళకే ఆకలి. అమ్మ కంచం తెచ్చుకుని, మేం తినే హాల్లోకే దాని గిన్నె మార్చి, పక్కనే చాప మీద కూర్చోక తప్పలేదు. అది రెండు ముద్దలు తిని, తలెత్తి అమ్మ తింటోందో లేదో చూసేది. అమ్మ లేవబోతే మానేసేది.

"మజ్జిగ మీరే తెచ్చుకోండి. నేను లేస్తే ఇది తినదు," అనేది అమ్మ. నాన్న లేచి తెచ్చుకునేవారు. కొన్నాళ్లకి అమ్మకీ ఒక గ్లాసు తేవడం మొదలుపెట్టారు.

బందరు ఉక్కకి అది అల్లాడిపోయేది. మధ్యాహ్నాలు అమ్మ గచ్చు మీద నీళ్లు చల్లి, తడి తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టేది. వీధి చల్లబడ్డాక షికారుకి తీసుకెళ్లడం నా వంతు. వచ్చాక దువ్వెన పట్టుకుని చెవుల వెనక చిక్కులు తీస్తూ అమ్మ దాంతో కబుర్లు చెప్పేది. దివిసీమలో తను ఈత నేర్చుకున్న కాలవ గురించి నేను మొదటిసారి విన్నది అలాగే. నాతో ఎప్పుడూ చెప్పలేదు.

అత్తయ్య కోలుకున్నాక ముగ్గురం వెళ్లి కుక్కని దిగబెట్టాం. ఆవిణ్ణి చూడగానే అది ఒళ్లంతా ఊపుతూ మూలిగింది. అమ్మ వైపు తిరిగి చూడనైనా లేదు.

"చూశావా, ఎంత గడుసుదో," అని అమ్మ నవ్వింది. తిరుగుదారిలో గుడ్లవల్లేరు దాటేదాకా చీరకి అంటుకున్న తెల్ల వెంట్రుకలు ఏరుతూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం మాకు వడ్డించి అమ్మ పక్కన నిలబడింది. నాన్న అన్నం కలపకుండా కూర్చున్నారు.

"ఏమండీ, కూర బాలేదా?"

"నీ కంచం ఏదీ?"

"మీరు కానివ్వండి. నేను తర్వాత తింటాను."

"నువ్వు లేకుండా తినడం నాకూ అలవాటు తప్పింది. తెచ్చుకో."

అమ్మ చేతిలోని గరిటె కూరగిన్నెలో పెట్టింది. తర్వాత కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

ఆ కుక్క ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఏటా సెలవులకి అత్తయ్యతో పాటు మా ఇంటికి వచ్చేది. ఆఖరిసారి వచ్చినప్పుడు దానికి కళ్లు సరిగా కనిపించేవి కావు. అందరం మంగినపూడి బీచికి వెళ్లాం. ఆ చప్పుడేమిటో తెలియక అది అలల మీదికి మొరిగి మొరిగి అలిసిపోయింది. అమ్మ దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నాన్న మొక్కజొన్న పొత్తులు కొనుక్కొచ్చారు. పొద్దువాలేదాకా అక్కడే ఇసుకలో కూర్చున్నాం.