గోల్ వెనక గొంతు

నిన్న సాయంత్రం ఇనుప గనుల కిరండూల్‌లో మా రైల్వే లైన్ క్లబ్ గ్రౌండ్ అంచున కూర్చుని ఆట చూస్తుంటే చెవికి ఏదో తక్కువైనట్టు అనిపించింది. బంతికి బూటు తగిలిన చప్పుడు ఉంది, సైడింగ్‌లో వ్యాగన్లలోకి ఖనిజం జారుతున్న చప్పుడు ఉంది, రెఫరీ ఈల ఉంది. ఆటగాళ్ళ నోట మాత్రం మాట లేదు. ఇరవై రెండు మందీ మూగనోము పట్టినట్టు ఆడుతున్నారు. అంతలో జేబులో ఫోను కదిలింది. క్లబ్ గ్రూపులో ఎవరో ప్రశ్న పెట్టారు: పాత ఆటగాళ్ళలో ఒక్కరే మళ్ళీ మన జట్టులోకి రావాలంటే ఎవరిని పిలుస్తారు? కాసేపట్లో పదిహేడు జవాబులు వచ్చాయి. లెక్కపెట్టాను, అది నా అలవాటు. పదిహేడూ గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లే. నేను పిలవాలనుకునే పేరు వాటిలో లేదు. కట్టం లచ్చయ్య, గోల్ ముందు కాపు కాసే స్టాపర్ బ్యాక్. ఒకప్పుడు ఆ పేరు జట్టు జాబితాలోంచి పోవడానికి కారణం నేనే గనక, ఆయన గురించి రాయాల్సింది కూడా నేనే.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఈ లైనుకు వచ్చాడు. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి సైడింగ్‌లో వ్యాగన్లు లెక్కపెట్టే పనిలో కుదిరాను. సగటు, శాతం నాకెవరూ నేర్పలేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక గీతలు గీసుకుంటూ నేనే నేర్చుకున్నాను. ముప్పై దాటాక ఆ పిచ్చి ఫుట్‌బాల్‌కు పాకింది. ప్రతి ఆటకూ నోట్‌బుక్కులో ఒక్కో ఆటగాడి పేరు ఎదురుగా నాలుగు గడులు గీసేవాణ్ణి: గోల్స్, గోల్ మీదికి కొట్టిన బంతులు, తోటివాడికి సరిగ్గా అందించినవి, ఎదుటివాడి కాళ్ళ దగ్గర లాక్కున్నవి. లచ్చయ్య అప్పటికే నలభైకి దగ్గరపడ్డాడు. ఊరు సరిహద్దు అడవుల్లో గొల్లపల్లి, వ్యవసాయం. క్లబ్ వెనకున్న గది ఇస్తామని చెప్పి మావాళ్ళే ఆయన్ని తీసుకొచ్చారు. పగలు లోడింగ్ దగ్గర కూలిపని, సాయంత్రం ఆట. తల్లిలేని కూతురు సమ్మక్కను ఆ గదిలోనే ఉంచి ఇక్కడి బడిలో చదివించుకుంటున్నాడు. ప్రతి ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చేవాడు.

"నా పేరు కాడ ఏం రాసినవ్ తమ్మీ?"

"రెండు గడుల్లో సున్నా అన్నా."

"మంచిగ గుండ్రంగ రాసినవ్. చేతిరాత బాగున్నది," అని భుజం తట్టి వెళ్ళిపోయేవాడు. నా నోట్‌బుక్కును మొదట గౌరవించిన ఆటగాడు ఆయనే. మిగతావాళ్ళు గోల్ కొట్టిన రోజు మాత్రమే చూడటానికి వచ్చేవారు. ఈయన సున్నా వచ్చిన రోజు కూడా వచ్చేవాడు.

ఒక ఏడు చలికాలం టోర్నమెంటులో మేం సెమీఫైనల్‌కు చేరాం. అదే సమయంలో జగదల్‌పూర్ వైపు నుంచి ఒక ఫార్వర్డ్ మా క్లబ్‌కు వస్తానన్నాడు. జాబితాలో పదిహేను పేర్లే ఉండాలి. ఒక పేరు చేరాలంటే ఒకటి పోవాలి. పేరు పోయినవాడికి గదీ పోతుంది, అది క్లబ్ నియమం. సెక్రటరీ పైడిరాజు గారు నన్ను పిలిచి బల్ల మీద టీ గ్లాసు నా వైపు జరిపారు.

"ఒరే రాజూ, నేను పేరు సెప్తే పక్షపాతమంటారు. నీ నోట్‌బుక్కు సెప్తే ఎవుడూ నోరెత్తడు. పద్నాలుగు ఆటలదీ కూడి, అడుగునున్నోడి పేరు తే."

కూడకముందే ఆ పేరేదో నాకు తెలుసు. అయినా కూడాను. రెండోసారి సరిచూశాను. మూడోసారి తప్పు దొరుకుతుందేమోనన్న ఆశతో కూడాను. మూడుసార్లూ లచ్చయ్యే. సమ్మక్క పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. గది పోతే ఆ పిల్ల గొల్లపల్లి వెళ్ళిపోవాలి, అక్కడినుంచి రోజూ వచ్చి చదవడం జరిగేపని కాదు. ఇవన్నీ తెలిసే, లెక్కకు చుట్టరికం లేదని నాకు నేను చెప్పుకుని కాగితం ఇచ్చేశాను. నన్ను పెద్ద కుర్చీలవాళ్ళు సలహా అడగడం అదే మొదటిసారి. ఆ సంగతి కూడా దాచకుండా రాయాలి.

మర్నాడు లచ్చయ్య సైడింగ్ దగ్గరికి వచ్చాడు. ఆదివారం సెమీఫైనల్, సోమవారం గది ఖాళీ చెయ్యాలని ఆయనకు అప్పటికే చెప్పేశారు.

"ఏంది తమ్మీ, నన్ను కూడినవంట గద?"

నోట్‌బుక్కు తెరిచి ఇచ్చాను. ఆయన వేలుపెట్టి ఒక్కో వరుసా చూశాడు. ఎక్కడైనా తప్పు పట్టుకుంటే బాగుండునని నేను ఆ వేలినే చూస్తున్నాను.

"తప్పేం రాయలె. నేను చేసినయన్నీ ఉన్నయ్." నోట్‌బుక్కు మూసి నా చేతిలో పెట్టాడు. "పిల్ల పరీక్షకు గూడ ఒక గడి గీసి ఉంటే మంచిగుండు."

ఆదివారం మా గ్రౌండ్‌లోనే ఆట. ఎడమ బ్యాక్ హల్బీ మాట్లాడే కుర్రాడు, కుడి బ్యాక్ గోండీవాడు, వాళ్ళ ముందు హాఫ్‌గా ఆడేది గనుల టౌన్‌షిప్ హిందీవాడు. గోల్‌కీపర్ జోసెఫ్ మా రైల్వే క్వార్టర్సు మనిషి, మాలాగే తెలుగు. తీరిగ్గా కూర్చుంటే అందరూ హిందీలో మాట్లాడుకుంటారు. వీపు తిప్పి పరిగెత్తేటప్పుడు మాత్రం సొంత భాషలో పిలిస్తేనే కాలు ముందు తిరుగుతుంది. ఈ సంగతి నాకు ఆ రోజుదాకా తెలియదు. మొదటి సగంలో మా గోల్ మీదికి ఏడు బంతులు వచ్చాయి, ఒకటి లోపలికి వెళ్ళింది. అంతకుముందు ఏ ఆటలోనూ ఒక సగంలో మూడు దాటలేదు. విరామంలో జోసెఫ్ గ్లవ్స్ విప్పి నా ముందు విసిరాడు.

"ఎనకనుంచి నాకన్నీ కనిపిస్తాయిరా. నేను ఒకడికి సెప్పేలోపు ఇంకోడి పక్కనుంచి బంతి వచ్చెస్తంది. లచ్చన్నుంటే ముందర గోడున్నట్టుండేది. ఇయ్యేల బయమేస్తంది. ఇది నీ నోట్‌బుక్కులో ఎక్కడుందో సూపించు!"

పేజీలు తిరగేశాను. అలాంటి గడే లేదు.

రెండో సగం మొదలవగానే మా గోల్ వెనక నుంచి ఒక గొంతు లేచింది. సామాను కట్టేసి, కూతుర్ని గదిలో ఉంచి, ఆట చూడటానికి వచ్చిన లచ్చయ్య వల వెనక జనంలో నిలబడ్డాడు. "జోసెఫూ, ముందుకు రా!" హాఫ్‌వాడికి, వెనక చూసుకోమని, "పీఛే దేఖ్, పీఛే!" ఆ వెంటనే హల్బీలో ఒక కేక, గోండీలో ఒక కేక. ఎవరి పేరుకు వాళ్ళ భాష. ఆయన ఊరి సంతలో నాలుగు భాషలూ తిరుగుతాయి, ఆయనకు అవి వెతుక్కోనక్కర్లేదు. వెనక వరుస ఒక్క తాటి మీదికి వచ్చింది. నేను ఐదో గడి గీసి కేకకొక గీత పెట్టడం మొదలుపెట్టాను. ముప్పైమూడు నిమిషాల్లో నలభై ఒక్క గీతలు. మా గోల్ మీదికి వచ్చిన బంతి ఒకే ఒక్కటి. మధ్యలో మావాళ్ళు ఒక గోల్ కొట్టి సమం చేశారు.

అప్పుడు ఎదుటి జట్టు కెప్టెన్ వెళ్ళి ఫిర్యాదు చేశాడు. రెఫరీ ఆట ఆపి వల దాకా నడిచివచ్చి లచ్చయ్యకు వేలు చూపించాడు. "బాహర్ కా ఆద్మీ నహీ బోలేగా!"

బయటి మనిషి. నాలుగు రోజుల క్రితందాకా ఆయన లోపలి మనిషే. లచ్చయ్య తల ఊపి, మెడలో తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకా పన్నెండు నిమిషాలు. ఒకటి వచ్చింది, జోసెఫ్ పట్టాడు. రెండోది గోల్ కర్రకు తగిలింది. మూడోది జోసెఫ్ కాలితో ఆపాడు. చివరికి ఎడమ బ్యాక్ వీపు వెనకగా వాళ్ళ ఫార్వర్డ్ జారుకుని వస్తుంటే ఇటు అంచున ఉన్న నాకు కనిపించింది. లచ్చయ్యకు నాకన్నా ముందే కనిపించింది. ఆయన చెయ్యి పైకి లేచింది. తువ్వాలు జారింది. నోరు తెరుచుకుంది. రెఫరీ ఆయన వైపు చూశాడు. నోరు మూసుకుంది. బంతి లోపల పడింది.

ఆట ఓడిన వెంటనే క్లబ్ గదిలో కమిటీ ముందు ఆ పేజీ పెట్టాను. మొదటి సగం ఏడు, గొంతు ఉన్నప్పుడు ఒకటి, గొంతు ఆగాక నాలుగు. "నా లెక్క తప్పు. లచ్చయ్యన్న పేరు మళ్ళీ చేర్చండి," అన్నాను.

పైడిరాజు గారు పేజీ చూసి కళ్ళజోడు తీశారు. "మొన్న ఈ నోట్‌బుక్కే తెచ్చావు. ఈవేళా ఈ నోట్‌బుక్కే తెచ్చావు. ఏది నమ్మమంటావురా?"

జాబితా పంపేశారు, వచ్చే ఏడుదాకా మారదు. గది కొత్తవాడికి. పరీక్షలదాకా పిల్లనైనా ఉండనివ్వమంటే, ఆటగాళ్ళ మధ్య ఆడపిల్ల ఎలాగుంటుందన్నారు. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు జరిగినదంతా చెప్పాను, నేను ఇచ్చిన కాగితంతో సహా. ఆమె లేచింది. లోపలి గదిలో కుట్టుమిషను జరిపి మంచం వేసింది. "ఆ పిల్లను ఇక్కడికి తీసుకురా," అంది.

సోమవారం సమ్మక్క పుస్తకాల సంచితో మా ఇంటికి వచ్చింది. లచ్చయ్య రేకుపెట్టె భుజాన పెట్టుకుని ఊరికి పోయే బస్సు దగ్గర నిలబడ్డాడు. నా మీద కోపంగా ఉందా అని అడిగాను.

"ఉంది. ఎందుకుండది?" అన్నాడు. బస్సు ఎక్కి, కిటికీలోంచి వంగి, "నోట్‌బుక్కు మాత్రం పారెయ్యకు తమ్మీ. ఇంకో గడి గీసినవంట గద, అది ఉంచు," అన్నాడు.

సమ్మక్క మా ఇంటి నుంచే పది పాసైంది. ఫలితాల రోజు ఆయన వచ్చి, మా ఇంట్లో అన్నం తిని, కూతుర్ని తీసుకుని వెళ్ళాడు. మరుసటి ఏడు క్లబ్ వాళ్ళు కబురు పెడితే మాత్రం రాలేదు.

నిన్న గ్రూపులో పద్దెనిమిదో జవాబుగా ఆయన పేరు రాశాను. ఒక కుర్రాడు వెంటనే అడిగాడు: "ఎన్ని గోల్స్ కొట్టాడు అంకుల్?" ఒక్కటీ లేదని రాశాను. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి కింద, ఏడాదిగా గ్రూపులో నోరు విప్పని జోసెఫ్ మాట కనిపించింది: "ఆయనొస్తే నేనూ వస్తా. ఈ నొప్పి మోకాళ్ళు ఇంటికాడ వదిలేసొస్తా."

ఇప్పటికీ క్లబ్ వాళ్ళు లెక్కలు అడుగుతారు, ఇస్తాను. ఇచ్చేముందు గోల్‌కీపర్ దగ్గరికి వెళ్ళి ఒక మాట అడిగి, జవాబును ఐదో గడిలో రాస్తాను. నిన్న కూడా ఆట అయ్యాక ఫోను జేబులో పెట్టుకుని, వల దగ్గర బూట్లు విప్పుకుంటున్న గోల్‌కీపర్ కుర్రాడి పక్కన కూర్చున్నాను.

"బాబూ, ఎవరు లేకపోతే నీకు భయమేస్తుంది?"