ట్రాక్టరు పిడి ఉన్న మా అంబాసిడర్

మొన్న మనవరాలు కారు కొంటానంటే తోడుగా రాజమండ్రిలో షోరూముకు వెళ్ళాను. అక్కడి కుర్రాడు ఎంతో మర్యాదగా, "దీనికి క్లచ్ ఉండదండీ మామ్మగారూ, కుడికాలు ఒక్కటీ చాలు, ఎడమకాలికి పనే లేదండీ" అన్నాడు. నాకు నవ్వాగలేదు. చిన్నప్పటి జ్వరానికి చచ్చుబడిపోయింది నా కుడికాలే మరి.

రామచంద్రపురం అవతల ఓ పల్లెలో నాకు టీచరుద్యోగం వచ్చిన కొత్తలో, బస్సెక్కలేనని నాన్నగారే మా పాత అంబాసిడర్లో రోజూ దింపేవారు. వానాకాలం సార్వా నాట్లు మొదలయ్యేసరికి ఆయనకు చేలోంచి కదలడానికి కుదరక, ఉద్యోగం మానెయ్యమన్నారు. మానను, కారు నేనే నడుపుకుంటానన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు గానీ, మండపేటలో ట్రాక్టర్లు బాగుచేసే మా మేనమామ మాత్రం నవ్వకుండా కారు తన షెడ్డుకు తోలుకుపోయాడు. ట్రాక్టరుకుండే చేతి ఆక్సిలరేటరు పిడిని స్టీరింగు పక్కన బిగించి, పాత లారీ బ్రేకు పెడల్‌ను ఎడమకాలికి అందేలా క్లచ్ పక్కన అమర్చాడు. జీపు సీటు కూడా వేశాడు, అది ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మొదటిరోజే, మావయ్య పక్కసీట్లో ఉండగానే, కాలవగట్టు మీద కొంప మునిగింది. ట్రాక్టరు పిడి పెట్టినచోటే ఉంటుంది, చేలో దమ్ముచేసేవాళ్ళకు అదే సుఖం. అది చూస్తూ పెరిగినవాళ్ళం గనక, కారుకు పనికిరాదని మాకెవరికీ తట్టలేదు. మలుపులో నేను పిడి వదిలి స్టీరింగు పట్టుకుంటే, కారు అదే వేగంతో గట్టు దిగి, పెదనాన్నగారు అప్పుడే నాట్లేసిన చేలో కూర్చుంది. నాన్నగారు పరుగున వచ్చి తాళాలు తీసుకున్నారు. ఇక ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఏడుపును మించి మొండితనం వచ్చింది నాకు. వదిలితే పిడి దానంతటది వెనక్కి వచ్చేలా చేస్తే తప్ప దిగనని ఆ బురదలోనే సీటుకు అతుక్కుపోయాను.

మావయ్య చుట్టూ చూసి, గట్టు మీదున్న పెదనాన్నగారి సైకిలు స్టాండు స్ప్రింగు ఊడబీకి పిడికి తగిలించాడు. పిడి వదలగానే టక్కున వెనక్కి వచ్చింది. "చేనూ పాయె, సైకిలూ పాయె, ఇక ఉద్యోగమన్నా నిలబెట్టుకోవే" అన్నారు పెదనాన్నగారు. నాన్నగారు తాళాలు నా ఒళ్ళో వేశారు. ఆ కారులోనే రిటైరయ్యేదాకా బడికి వెళ్ళాను.

ఇప్పుడు మావయ్యా లేడు, ఆ కారూ లేదు. మళ్ళీ నడపాలన్న ఆశ చావక, ఈ పెడళ్ళు ఎడమకాలికి మార్చివ్వగలరా అని షోరూము కుర్రాణ్ణి అడిగాను. తన చేతిలో లేదండీ అని పాపం నొచ్చుకున్నాడు. అతన్నేం అనగలను? ఆ రోజుల్లో నా కాలు చూసి ఉద్యోగం మానుకోమన్నవాళ్ళే అందరూ. కాలికి తగ్గట్టు కారునే మారుద్దామన్నవాడు మావయ్య ఒక్కడే.