తొమ్మిదేళ్ళ రివర్బ్

ఎక్కడ సభ జరిగినా, పాటకచేరీ జరిగినా మైకు పెట్టేది ఆయనే కాబట్టి అందరికీ ఆయన మైకాయనే. యాభై దాటిన మనిషి. పెళ్ళాం పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు, మైకుల శబ్దాన్ని సర్దే ఒక మిక్సర్. రెంటిలో దేన్ని ఎక్కువ ముద్దు చేసేవాడో చెప్పడం కష్టం. మిక్సర్ మీద ఇంకొకళ్ళు చెయ్యి వేస్తే ఇంతెత్తున లేచేవాడు. తుడిచేది, విప్పేది, బిగించేది అన్నీ ఆయనే.

చెల్లెలు దర్జీ కొట్టులో మిషన్ కుట్టేది, ఆదివారాలు టౌన్ హాల్లో పాడేది. ఆమె గొంతెత్తగానే మైకాయన ఎడమచెయ్యి ఎఫెక్ట్స్ మీట మీదికి పోయేది. మిక్సర్లోనే ఉన్న రివర్బ్‌ని రవ్వంత పెంచి గొంతు పెద్ద గదిలో మోగినట్టు చేసేవాడు. పైస్థాయిలో గొంతు సన్నబడుతుందని కాస్త కోరస్ కలిపేవాడు. ఒక గొంతుని రెండు గొంతులంత నిండుగా వినిపించే మాయ అది. పలికిన మాటని మళ్ళీ మళ్ళీ పలికించే డిలే అంటే మాత్రం ఆయనకి ఒళ్ళుమంట. "అది సర్కస్ వాళ్ళకి" అని దాని జోలికి పోయేవాడు కాదు.

"మీ చెల్లెలి గొంతు అమృతమండీ" అని ఎవరైనా అంటే, "సగం దానిది, సగం ఈ చేతిది" అనేవాడు. అదేం గొప్పో మరి. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడంటే చివరికి ఆమె కూడా నమ్మేసింది. ఎవరింట్లోనైనా పాడమంటే, "అన్నయ్య మిక్సర్ లేదుగా" అని తప్పించుకునేది.

అలాంటిది, రేడియో స్టేషన్ వాళ్ళు హాల్లో ఆమె పాట విని గాయని ఉద్యోగానికి పిలిచారు. శుక్రవారం లోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఆ శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ అడిగింది, "వెళ్ళనా అన్నయ్యా?"

"వెళ్తే వెళ్ళు చిన్నీ. కానీ అక్కడ నేనుండను. వట్టి గొంతుతో పాడి నలుగురిలో నవ్వులపాలవుతావేమోనని నా బాధ."

అయితే మానేస్తాలే అన్నట్టు ఆమె తలూపింది.

మిక్సర్లో మైకు తగిలించే ఒక ఛానెల్ గరగరమంటోంది. సన్న మరలు కళ్ళకి ఆనక, మైకాయన ఆ మధ్యాహ్నం దాన్ని మొదటిసారి రిపేరు షాపుకి మోసుకెళ్ళాడు. షాపామె అడుగురేకు విప్పి చాలాసేపు చూసింది.

"బాబాయ్ గారూ, ఎఫెక్ట్స్ ఎప్పట్నుంచి పనిచేయట్లేదు?"

"పనిచేయకపోవడమేంటమ్మా, మొన్న ఆదివారం కూడా వాడాను."

"లేదండీ. ఆ ఎఫెక్ట్స్ బోర్డు వైరు ఊడిపోయి ఉంది. అంకెలు వెలుగుతాయి, మీట తిరుగుతుంది, గొంతులో మాత్రం ఏమీ కలవదు. ఆ సాకెట్లో దుమ్ము చూడండి, ఏళ్ళ నాటిది. చివరిసారి ఎవరు విప్పారు?"

తనే. తొమ్మిదేళ్ళ కింద, శుభ్రం చేద్దామని.

ఆయన నమ్మలేదు. షాపామె డిలే నిండా పెంచి మైకులో "హలో" అంది. ఒక్కటే హలో వచ్చింది. వైరు తగిలించి మళ్ళీ అంది. హలో, హలో, హలో. మూడోది వినేసరికి మైకాయన స్టూలు మీద కూలబడ్డాడు. డిలే ఒక్కనాడు వాడి ఉంటే ఎప్పుడో బయటపడేది. హాలు గోడల మోతని తన రివర్బ్ అనుకున్నాడు. మీట తిప్పగానే గొంతు మారిందని చెవులు నమ్మించాయి, తను నమ్మాడు. ఇన్నేళ్ళూ జనం చప్పట్లు కొట్టింది వట్టి గొంతుకే.

మిక్సర్ అక్కడే వదిలేసి దర్జీ కొట్టుకి పరుగెత్తాడు.

"చిన్నీ, రేడియో వాళ్ళకి వస్తానని చెప్పు. ఇప్పుడే చెప్పు" అంటూ రొప్పుతూ వైరు సంగతంతా చెప్పాడు.

మిషన్ ఆగింది.

"పొద్దున్నే ఫోన్ చేసి రానన్నాను. అప్పుడే ఇంకో ఆవిణ్ణి ఖాయం చేసుకున్నారు."

"నాకు తెలీదమ్మా. ఒట్టు, నిజంగా తెలీదు."

"వైరు ఊడిన సంగతి నీకు తెలీదులే." ఆమె కుడుతున్న గుడ్డ పక్కన పెట్టింది. "పొద్దున నేను మానేస్తానని తలూపినప్పుడు నీ మొహం విప్పారింది. అది నీకు తెలుసు కదా అన్నయ్యా?"