ఆయన పేరున్న టెంపో

బమ్రోలిలో సిటీ బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ పరాయి రాష్ట్రంలో ఫోన్లో నా తెలుగు విని పక్క సీటాయన ఇటు తిరిగాడు. యాభై దాటి ఉంటాయి. చూపు నా మీద కాకుండా భుజం పక్కన ఎక్కడో ఆగింది.

"బిడ్డా, తెల్ల టెంపోలు పోతే జర నంబర్ సదువు. ఆఖర్ల నలభై ఒకటి ఉన్నదా చూడు."

ఎవరిదని అడిగాను.

"నాదే. ఎన్నడు ఎక్కలే."

ఈయన ఇక్కడి బట్టల కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే రోజుల్లో దాని యజమాని సేఠ్ కొత్త టెంపో కొని, నమ్మకస్తుడని ఈయన పేర రాయించాడట. తర్వాత సేఠ్ కార్ఖానా మూసేసి ఎటో వెళ్లిపోయాడు. ఈయనకు చూపు పోయింది. సొంతూళ్లో వికలాంగుల పింఛనుకు పెట్టుకుంటే, పేరు మీద నాలుగు చక్రాల బండి ఉంది కాబట్టి రాదన్నారు.

"సదరం కాయితంల గుడ్డోన్ని. కంప్యూటర్ల బండి ఓనర్ని," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"దొరికితే ఏం చేస్తారు?"

"డ్రైవర్ని అడిగి సేఠ్ కాడికి పోత. పేరు మార్పియ్యమని కాళ్లు పట్టుకుంట."

నేను దిగాల్సిన ఉధనా వచ్చేదాకా కనిపించిన ప్రతి తెల్ల టెంపో నంబరూ చదివాను. ఒక్కటీ అది కాదు. నేను లేవగానే నా సీట్లో ఇంకొకతను కూర్చున్నాడు. దిగుతుంటే వెనక అదే గొంతు వినిపించింది. "భాయ్, జరా టెంపో కా నంబర్ పఢ్‌నా."

ఇప్పటికీ తెల్ల టెంపో కనిపిస్తే చివరి రెండంకెలు చూస్తాను. నలభై ఒకటి దొరికినా చేయగలిగింది లేదు. ఆ బండి ఆయన పేరనే ఉంది, ఆ పేరేమిటో నేను అడగనే లేదు.