ఎక్కడ వద్దో ముందు చెప్పుకున్నాం

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, మర్రిగూడ దిక్కున ఉన్న మా ఊళ్లో నేను వార్డు మెంబరుగా గెలిచాను. ఊరి సర్కారు భూమిలో చెత్త యార్డుకు, ఆటస్థలానికి, మొక్కల నర్సరీకి జాగాలు చూపించమని పైనుంచి ఆదేశం వచ్చింది. పంచాయతీ ముందు సభ పెట్టారు. ఆటస్థలానికీ నర్సరీకీ జాగాలు తొందరగానే తేలాయి, చెత్త యార్డు దగ్గర మాట ఆగిపోయింది. తమ వైపు వద్దని ప్రతివాళ్లూ అన్నారు. అరిచి అలిసిపోయాక వేళ్లన్నీ ఒకే దిక్కు చూపించాయి: మా వాడ వెనకున్న బొందలగడ్డ. మా వాడలో సగంమంది చర్చికి పోతారు, సగంమంది పోచమ్మకు మొక్కుతారు. కన్నుమూస్తే మాత్రం అందరం పోయేది ఆ గడ్డకే.

నేను లేచి నిలబడ్డాను.

"ఏడ పెట్టాల్నో తర్వాత మాట్లాడుదాం. ఏడ పెట్టొద్దో ముందుగాల చెప్పుకుందాం. గా మాట అందరికి ఒక్కటే ఉండాలె" అన్నాను.

సర్పంచి విసుక్కున్నాడు. మండలం నుంచి వచ్చిన సర్వేయరు మాత్రం నక్షా మడిచి పక్కన పెట్టాడు. హద్దులు ముందే ఒప్పుకుంటే తన పని కూడా తేలికవుతుందన్నాడు.

ఆ రోజు తెగలేదు. మరో సభ పెట్టాల్సి వచ్చింది. మా బోర్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. నల్లాలు బందైన రోజు అందరికీ దిక్కు ఒక్క మంచినీళ్ల బావే. దాని దరిదాపుల్లో చెత్త వద్దన్నది మొదటి మాట, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. వాన పడితే పారే ఒర్రెను ఎవరూ పూడ్చొద్దన్నది రెండోది. గొర్రెలు కాసే ఒక పెద్దాయనను నేను మామా అని పిలుస్తాను. జీవాలు గుట్టకు పోయే బాట మూయొద్దని ఆయన పట్టుబట్టాడు. ఇక ఇండ్లకూ బొందలగడ్డకూ ఆనుకుని పెట్టొద్దన్నది నా మాట. అది ఒప్పించడానికే ఎక్కువ సేపు పట్టింది. ఏ వాడ ఇండ్లని ఎవరో అడిగారు. ఏ వాడవైనా అన్నాను.

మర్నాడు పొద్దున్నే సర్వేయరుతో కలిసి అందరం నడిచాం. వద్దన్న చోటల్లా సున్నం చల్లుకుంటూ పోయాం. చివరికి చెత్త యార్డుకు సున్నం పడని జాగా గుట్ట వెనక ఒక్కటే మిగిలింది. అది మా చెల్క, వానకు పండే మెట్ట చేను. సర్కారుదే అయినా, ఎన్నో ఏండ్లుగా రాళ్లు ఏరి, కంది వేసుకుంటున్నది మా బాపు. మాకు వేరే భూమి లేదు.

మామ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"ఒక్క మాట సడలిద్దాం బిడ్డా. ఎవ్వలేమనరు."

ఆశ కలగలేదంటే అబద్ధం. కానీ ఒక్కటి సడలితే ముందుగా పోయేది మా బొందలగడ్డే అని నాకు తెలుసు. వద్దన్నాను. చేతికొచ్చిన కంది కోసుకునేదాకా ఆగాలని మాత్రం అడిగాను. ఊరు ఒప్పుకుంది.

ఇంటికి పోయి చెబితే బాపు విని చేనుకు వెళ్లిపోయాడు. కంది కోతకు నేను పక్కన నిలబడి కొడవలి పట్టినా తలెత్తలేదు. ఆ తర్వాత ఊళ్లో ఒకరి చెల్క కౌలుకు పట్టి మళ్లీ కందే వేశాడు.

కొంతకాలానికి చౌటుప్పల్ వైపు నుంచి ప్లాట్ల వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఒర్రె పూడ్చి తన వెంచర్‌కు రోడ్డు వేసుకుంటానని, బదులుగా ఊరికి కమ్యూనిటీ హాలు కట్టిస్తానని అన్నాడు. సభ మెత్తబడింది. నేను లేచేలోపే వెనక నుంచి బాపు లేచాడు. సభలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"నా చెల్క పోయింది గీ మాట మీదనే. ఈయన కోసం మాట మారుస్తరా? మారిస్తే నా చెల్క నాకియ్యుండ్రి."

సర్పంచే వ్యాపారికి కాదని చెప్పి పంపాడు. ఆయన రోడ్డు చుట్టూ తిప్పి వేసుకున్నాడు. ఒర్రె ఇప్పటికీ పారుతోంది. ఆ నాలుగు మాటలూ పంచాయతీ గోడ మీద పెద్దక్షరాల్లో రాయించాం. రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ వేయిస్తున్నాం.